నల్ల నెట్ దట్టమైతే పాలీహౌస్ చల్లబడుతుందా?

ఎండలు ముదిరాయంటే పాలీహౌస్ రైతుకు అందే మొదటి సలహా ఒకటే: 75 శాతం నల్ల షేడ్‌నెట్ లోపల కట్టెయ్యి, తొలకరి దాకా విప్పకు. నెట్ ఎంత దట్టమైతే అంత చల్లన అని నమ్మకం. ఈ మాట నమ్మిన చోట క్యాప్సికం, కీర మొక్కలు కణుపుల మధ్య సాగిపోయి, ఆకు పల్చబడి, పూత రాలి, పిందె నిలవక పెట్టుబడి మట్టిపాలవుతోంది. నెపం మాత్రం విత్తనం మీదికో తెగులు మీదికో పోతోంది.

లెక్క వేసి చూద్దాం. వేసవి మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్స్. కప్పు, దాని మీది దుమ్ము కలిసి ఐదో వంతు ఆపినా లోపలికి 80 వేలు వస్తుంది. 75 శాతం నెట్ కింద మొక్కకు దక్కేది 20 వేలు, అదీ మిట్టమధ్యాహ్నం. పొద్దునా సాయంత్రం సంగతి చెప్పక్కర్లేదు. కాయ పంటకు వెలుతురే తిండి. పోనీ చల్లదనమైనా దక్కిందా అంటే, నల్ల నెట్ ఎండను తిప్పికొట్టదు, మింగుతుంది. మింగిన వేడిని పక్కనున్న గాలికే వదులుతుంది. నెట్ కప్పు లోపలే ఉంది కనుక ఆ వేడిలో చాలాభాగం లోపలే తిరుగుతుంది. కింద నిలబడితే హాయిగానే ఉంది కదా అంటారు. నిజమే, ఒంటి మీద ఎండ పడదు కనుక. ఆకుకూ ఆ మేలు కొంత ఉంది. కానీ దానికి 35 నుంచి 50 శాతం నెట్ చాలు. అదీ తెల్లదో వెండిరంగుదో అయి, కప్పు పైన జానెడు ఎడంతో, పదకొండు నుంచి మూడున్నర దాకా పరిస్తే ఎండ లోపలికి రాకముందే ఆగుతుంది. రాత్రి కూడా లోపలి నెట్ మూసే ఉంచితే పగటి వేడి బయటికి పోదు. రాత్రి 24 డిగ్రీలు దాటితే క్యాప్సికం పిందె పట్టడం తగ్గిపోతుంది.

వేడిని బయటికి పంపేది గాలి. వడగాలి వస్తుందని పక్క కర్టెన్లు దించడం అందుకే తప్పు, మూసిన పాలీహౌస్ బయటికన్నా ఎక్కువ ఉడికిపోతుంది. ఫాగర్లు ఉన్నాయిగా అనే వాళ్లు గాలిలో తేమను చూడాలి. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, ఆవిరయ్యే నీరు గాలిని 22 డిగ్రీల దగ్గరకు దించగలదు. కోస్తాలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 30 కన్నా దిగదు. కర్టెన్లు మూసి ఫాగర్ నడిపితే కాసేపటికే గాలి తేమతో నిండిపోతుంది. ఆకు నీరు వదిలి తనను తాను చల్లబరచుకోలేదు, పైగా బూజు తెగుళ్లు పట్టుకుంటాయి.

ఆకుపచ్చ నెట్ కడితే పంట పచ్చగా ఉంటుందన్నది ఒట్టిమాట. మధ్యాహ్నం నీరు పెట్టకూడదన్న మాటలో మాత్రం కాస్త నిజం ఉందని ఒప్పుకోవాలి: ఎండలో పడున్న నల్ల లేటరల్ పైపులో నిలిచిన నీరు వేళ్ల దగ్గరకు వేడివేడిగా చేరుతుంది. అందుకని నీళ్లు మానకండి. పైపును మల్చింగ్ షీటు కిందికి జరిపి, పొద్దున్నుంచే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వదలండి. ఇక దట్టమైన కొత్త నెట్టుకు డబ్బు పెట్టేముందు, పక్కల ఉన్న 40 మెష్ పురుగు వలను ఒకసారి వెలుతురుకు ఎదురుగా చూడండి. కన్నాలు దుమ్ముతో పూడి ఉంటే గాలి ఆడదు, ముందు దాన్ని నీళ్లతో కడగండి.