బీరువాలో దొరికిన పెంకు, మన నేల వయసు

పొలం దున్నేటప్పుడు కుండపెంకులు బయటపడటం పావగడ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. నాగటి చాలుకు అడ్డం వచ్చిందని తీసి గట్టుమీద పారేస్తాం. బొమ్మలాంటిదో, నున్నటి నల్లరాయో దొరికితే పిల్లలు బడికి తెచ్చి చూపిస్తారు. "ఎక్కడ దొరికిందిరా?" అని అడిగితే "ఏమో సార్, మా తాత తెచ్చి ఇంట్లో పెట్టినాడు" అంటారు. అంతటితో ఆ వస్తువు కథ ఆగిపోతుంది. ఎక్కడ దొరికిందో తెలిసిన ఒక పెంకు ఎంత దూరం తీసుకెళ్లగలదో ఈ వారం చూద్దాం.

మార్టిమర్ వీలర్ అనే ఆంగ్లేయుడు 1924లో కార్డిఫ్‌లోని వేల్స్ జాతీయ మ్యూజియానికి డైరెక్టర్ అయ్యాడు. 1926 నుంచి లండన్ మ్యూజియం బాధ్యత చూశాడు. అద్దాల పెట్టెల్లో కిక్కిరిసిన సామాను తగ్గించి, చూడవచ్చినవాళ్లకు అర్థమయ్యేలా సర్దించాడు. సెలవులు వచ్చాయంటే తవ్వకాలకు వెళ్లేవాడు. మట్టిలో దొరికే వస్తువుల కంటే వాటిని వాడిన మనుషులు ముఖ్యమని ఆయన నమ్మకం. 1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చాడు.

అదే ఏడు ఆయన మద్రాసు ప్రభుత్వ మ్యూజియం చూడటానికి వెళ్లాడు. అక్కడ ఒక బీరువాలో చెయ్యి పెడితే పొడుగాటి మెడ, పిడి ఉన్న కుండముక్క తగిలింది. చూడగానే పోల్చుకున్నాడు. అది మధ్యధరా సముద్రతీరంలో ద్రాక్షసారా నింపి ఓడలకెక్కించే జాడీ ముక్క. అంత దూరపు జాడీ ఇక్కడికెలా వచ్చింది? పుదుచ్చేరి దగ్గర దొరికిందని మ్యూజియంలో తెలిసింది. ఆ ఒక్క ఊరి పేరు చాలు, ఆయన పుదుచ్చేరికి బయలుదేరాడు. అక్కడి గ్రంథాలయంలో అలాంటి పెంకులే మరికొన్ని కనిపించాయి. అవన్నీ అరికమేడు అనే చోటివి. 1945లో అరికమేడులో తవ్వకం మొదలుపెట్టాడు.

తవ్వకంలో రెండు రకాల పెంకులు ఒకే పొరల్లో దొరికాయి. మొదటిది ఇటలీలోని అరెజ్జోలో చేసిన ఎర్రని నునుపు పాత్రలు. అవి క్రీస్తుశకం మొదటి శతాబ్దం నడిమికల్లా ఆగిపోయాయని ఐరోపా పండితులకు ముందే తెలుసు. రెండోది లోపలి అడుగున చుక్కలు చుక్కలుగా వలయాలు వేసిన పళ్లేలు. ఎర్ర పాత్రల కాలం తెలుసు కాబట్టి, వాటితో కలిసి దొరికిన చుక్కల పళ్లేల కాలమూ తెలిసిపోయింది. ఇక ఆ చుక్కల పళ్లెం దక్షిణాదిలో ఎక్కడ దొరికినా అక్కడి పొర కాలాన్ని లెక్కకట్టవచ్చు.

ఇక్కడి నుంచి కథ మన వైపుకే వస్తుంది. చళ్లకెరె దాటి మొళకాల్మూరు తాలూకాకు వెళితే సిద్ధాపుర దగ్గర బ్రహ్మగిరి కొండ ఉంది. 1892లో బి.ఎల్. రైస్ అక్కడ అశోకుని శాసనాలను గుర్తించాడు. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల పట్ల దయ ఉండాలి, నిజం చెప్పాలి, శిష్యుడు గురువును గౌరవించాలి అన్నది ఆ శాసనంలోని బోధ. ఇసిల అనే పట్టణపు అధికారులకు పంపిన ఆజ్ఞ అది. మైసూరు సంస్థాన పురావస్తు శాఖ డైరెక్టర్ ఎం.హెచ్. కృష్ణ వీలర్ కంటే ముందే బ్రహ్మగిరిలో, చిత్రదుర్గ పక్కనున్న చంద్రవల్లిలో తవ్వకాలు చేశారు. 1947లో వీలర్ ఆ రెండు చోట్లా తవ్వించాడు.

ఆయన పద్ధతి మన పిల్లలకూ అర్థమయ్యేదే. నేలను మళ్లు కట్టినట్టు చతురస్రాలుగా విడగొట్టాలి. మడికీ మడికీ నడుమ గట్టు వదలాలి. గుంత లోతుకు పోయేకొద్దీ ఆ గట్టు పక్కన మట్టి పొరలు చారలు చారలుగా కనిపిస్తాయి. ఏ వస్తువు ఏ పొరలో దొరికిందో అప్పటికప్పుడే రాసి, చీటీ కట్టాలి. ఒకసారి తవ్విన నేలను మళ్లీ తవ్వలేం. రాసుకోకపోతే ఆ పొర పోయినట్టే.

బ్రహ్మగిరిలో మూడు కాలాలు ఒకదానిపై ఒకటి బయటపడ్డాయి. అన్నిటికంటే అడుగున నున్నగా నూరిన రాతిగొడ్డళ్ల జనం. వాళ్లు పసిబిడ్డలు చనిపోతే కుండల్లో పెట్టి పాతిపెట్టేవారు. దానిపైన ఇనుము వాడిన జనం. మన పల్లెల్లో రాక్షసగుళ్లు, పాండవుల గుళ్లు అని పిలిచే బండల సమాధులు వాళ్లవే. అన్నిటికంటే పైపొరకు వీలర్ పెట్టిన పేరు 'ఆంధ్ర సంస్కృతి'. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులంటాయి కాబట్టి ఆ పేరు. ఈ పైపొరలోనే అరికమేడు చుక్కల పళ్లేలు కనిపించాయి. చంద్రవల్లిలో రోమన్ వెండి నాణేలూ దొరికాయి. మద్రాసు బీరువాలోని పెంకు అలా మన పక్క తాలూకా నేలకు వయసు చెప్పింది. కర్ణాటక కొండకింద ఆంధ్ర పేరున్న పొర, ప్రాకృతంలో అశోకుని మాట, రోము నాణెం. ఆ పొరలకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు.

వీలర్ లెక్క అంతా సరిపోలేదు. రాతిగొడ్డళ్ల జనం క్రీస్తుపూర్వం 1000 ప్రాంతం వాళ్లని ఆయన అంచనా. తరువాత కార్బన్ పరీక్ష వచ్చింది. పాలమూరు వైపు ఉట్నూరు, మన కల్యాణదుర్గం వైపు పాలవాయి బూడిదదిబ్బల్లో తవ్వకాలు జరిగాయి. పశువుల పేడ కాలి ఏర్పడిన ఆ దిబ్బలను పరీక్షిస్తే దక్షిణాది రాతిగొడ్డళ్ల జనం అంతకు వెయ్యేళ్లకు పైగా పాతవాళ్లని తేలింది. వీలర్ ప్రతి పొరనూ రాసి, బొమ్మగీసి, అచ్చువేశాడు కాబట్టే ఆయన లెక్కలో తప్పు ఎక్కడుందో తరువాతివాళ్లు పట్టుకోగలిగారు. ఇది పిల్లలకు తప్పక చెప్పవలసిన మాట.

ఇంత చెప్పింది మన తాలూకా కోసమే. నిధులున్నాయన్న ఆశతో రాత్రిపూట గుళ్ల ముందు, కోటగోడల కింద తవ్వేవాళ్ల సంగతి మనం వింటూనే ఉన్నాం. వాళ్లకు బంగారం దొరకకపోయినా పొరలు మాత్రం చెదిరిపోతాయి. వీరగల్లులను బట్టలుతికే బండలుగా వాడుతున్నాం, మెట్లకు వేస్తున్నాం, పైన రంగు పులుముతున్నాం. నిడగల్లు కొండను చూసి చోళుల కాలం కథలు చెప్పుకుంటాం గానీ, దాని కిందున్న రాళ్ల లెక్క మన దగ్గర లేదు.

అయితే ఒక పాత లెక్క ఉంది. బ్రహ్మగిరి శాసనాన్ని గుర్తించిన రైస్ దొరే తుమకూరు జిల్లా శాసనాలను 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పన్నెండో సంపుటంగా 1904లో అచ్చువేశాడు. అందులో పావగడ తాలూకా శాసనాలు ఊరివారీగా ఉన్నాయి. రాయి ఏ ఊళ్లో, ఏ గుడి ముందు, ఏ చేను దగ్గర ఉందో కూడా రాశాడు.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఆ సంపుటంలో మీ ఊరి పేరు వెతకండి. ఒక శనివారం పిల్లలతో వెళ్లి ఆ రాయి ఇప్పటికీ అక్కడే ఉందో లేదో చూడండి. ఉంటే ఫొటో తీసి, తేదీ రాయండి. లేకుంటే పెద్దవాళ్లను అడిగి ఎప్పుడు, ఎటు పోయిందో రాయండి. పొలంలో ఏదైనా దొరికితే కడగవద్దు, చోటు మార్చవద్దు. సర్వే నంబరు, ఎంత లోతులో దొరికింది, పక్కన ఏమున్నాయి అన్నవి నోటుపుస్తకంలో ఎక్కించి, తాలూకా కచేరికి గానీ పురావస్తు శాఖకు గానీ తెలపండి. వీలైతే సరిహద్దు దాటి అమరాపురం మండలంలోని హేమావతికి కూడా పిల్లలను తీసుకెళ్లండి. నొలంబుల రాజధాని హెంజేరు అదే. అక్కడి శిల్పాలను ఆ ఊరి మ్యూజియంలోనే ఉంచారు.

మీ నోటుపుస్తకంలోని మొదటి పుట మాకు పంపండి. రాయి ఉందన్న వార్తనైనా, లేదన్న వార్తనైనా ఈ పేజీలో వేస్తాం.