గడియారం చూస్తూ చెవిలో మందు

సముద్రపు లోతుల్లో పనిచేసే డైవర్‌కు ఒత్తిడి కంటే ముందు బ్యాక్టీరియాతోనే పోరు

తల ఒక పక్కకు వంచాలి. చెవి నిండేలా మందు పోసుకుని ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. తర్వాత రెండో చెవికి మరో ఐదు నిమిషాలు. పొద్దున, రాత్రి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. శాచురేషన్ డైవర్లకు అమెరికా నేవీ డైవింగ్ మాన్యువల్ ఇచ్చిన ఆదేశమిది. ఉజ్జాయింపు కుదరదు, వాచీ చూసే ఐదు నిమిషాలు లెక్కపెట్టాలని మరీ రాశారు. మందేమో చాలా మామూలుది: అల్యూమినియం ఎసిటేట్‌లో కలిపిన 2 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌కు పులుపునిచ్చేదే.

లోతుల్లోని ఒత్తిడి రోగనిరోధక శక్తిని ఏం చేస్తుందో రాయమని ఎడిటర్ అడిగారు. ఆ పని మీద మాన్యువల్ తిరగేస్తుంటే నా కళ్లు ఈ పేరా దగ్గరే ఆగిపోయాయి.

ఈ డైవర్లు పని పూర్తయ్యేదాకా నౌక మీది ఉక్కు ఛాంబర్‌లోనే, సముద్రపు లోతుకు సరిసమానమైన ఒత్తిడిలో కాపురం ఉంటారు. పనికి వెళ్లాలంటే అక్కడి నుంచి డైవింగ్ బెల్‌లో కిందికి దిగుతారు. పీల్చేది హీలియం, ఆక్సిజన్ మిశ్రమం. హీలియం ఒంటి వేడిని ఇట్టే లాగేస్తుంది కాబట్టి ఛాంబర్‌ను దాదాపు 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ ఉక్కలో, ఆ తేమలో సూడోమోనాస్ ఎరుగినోసా బ్యాక్టీరియాకు పండగే. తడికి నానిన చెవి చర్మంలోకి సులువుగా చొరబడుతుంది. నొప్పి ఎంత తీవ్రమైనా తలుపు తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తే దారి లేదు. 300 మీటర్ల లోతు ఒత్తిడి నుంచి మామూలు గాలిలోకి రావాలంటే పది రోజులకు పైనే పడుతుంది.

ఆ లోతున ఒత్తిడి మనం నిలబడ్డ నేల మీదికంటే 31 రెట్లు. అయినా కణాల్లో ఎక్కువ భాగం నీరే కావడంతో అవి నలిగిపోవు. అసలు చిక్కు వాయువులతోనే. డైవర్లు పీల్చే మిశ్రమంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం మామూలు గాలిలోకంటే దాదాపు రెట్టింపు. ఇక పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి తొందరగా తగ్గితే రక్తంలో బుడగలు పుడతాయి. ఒళ్లు వాటిని పరాయివాటిగా చూస్తుంది. రక్తంలోని రక్షణ ప్రోటీన్లయిన కాంప్లిమెంట్ ప్రోటీన్లు రంగంలోకి దిగుతాయి, తెల్లరక్తకణాలు రక్తనాళాల గోడలకు అంటుకుంటాయి, వాపు మొదలవుతుంది. ఇక్కడ రక్షణ వ్యవస్థ చతికిలబడలేదు, ఉలిక్కిపడి రెచ్చిపోయింది. అందుకే ‘లోతుకెళితే ఇమ్యూనిటీ పడిపోతుంది’ అనే ఏకవాక్య తీర్పును నేను నమ్మను.

శాచురేషన్ డైవింగ్ చరిత్ర క్లుప్తంగా: 1957లో అమెరికా నేవీ వైద్యుడు జార్జ్ బాండ్ ప్రయోగాలు మొదలుపెట్టారు. 1962లో ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు కూస్తో బృందంలోని ఇద్దరు మార్సెయ్ తీరంలో 10 మీటర్ల లోతున వారం గడిపారు. 1992లో ఫ్రెంచి సంస్థ కోమెక్స్ ఛాంబర్‌లో ఒక డైవర్ 701 మీటర్ల లోతు ఒత్తిడిని తట్టుకున్నాడు.

రికార్డులు పుస్తకాలకెక్కాయి. ఆ లోతుల్లో మనుషులు రోజుల తరబడి ఆరోగ్యంగా పనిచేయగలుగుతున్నారంటే మాత్రం, ఇలాంటి విసుగు పుట్టించే పనిని ఒక్క పూట కూడా ఎగ్గొట్టని క్రమశిక్షణకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

బాక్స్: విశాఖ నౌక
విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న అక్కడే నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల దాకా శాచురేషన్ డైవింగ్‌కు ఇందులో ఏర్పాట్లున్నాయి. 1971లో నౌకాదళంలో చేరిన పాత నిస్తార్ పేరే దీనికి పెట్టారు.