ఐసోటోపులు, ద్రవ్యరాశి సంఖ్య, సగటు పరమాణు భారం

నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్ట ప్రాంతంలో ఉదయగిరి, ఆత్మకూరుల వైపు వేసవిలో బోరు నీరే చాలామందికి ఆధారం. ఉదయగిరి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో మొదట గుర్తించింది కూడా నాటి నెల్లూరు జిల్లాలోనే. నీటి పరీక్ష నివేదికలో కనిపించే ఫ్లోరైడ్, క్లోరైడ్ అంకెల సాయంతో ఈ పాఠ్యాంశాన్ని అర్థం చేసుకుందాం.

ద్రవ్యరాశి సంఖ్య

పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను పరమాణు సంఖ్య (Z) అంటారు. ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం ద్రవ్యరాశి సంఖ్య (A). ఇది ఎప్పుడూ పూర్ణాంకమే. ఫ్లోరిన్‌కు Z = 9, A = 19. కనుక న్యూట్రాన్లు 19 − 9 = 10.

ఐసోటోపులు

పరమాణు సంఖ్య ఒకటే అయి, ద్రవ్యరాశి సంఖ్యలు వేరుగా ఉన్న పరమాణువులు ఐసోటోపులు. ఈ పేరును 1913లో ఫ్రెడరిక్ సాడీ ప్రవేశపెట్టాడు. క్లోరిన్ (Z = 17)కు ప్రకృతిలో రెండు స్థిర ఐసోటోపులున్నాయి: 18 న్యూట్రాన్లున్న క్లోరిన్-35, 20 న్యూట్రాన్లున్న క్లోరిన్-37. ఎలక్ట్రాన్ల అమరిక ఒకటే కాబట్టి వాటి రసాయన ధర్మాలు దాదాపు ఒకటే. ప్రకృతిలోని ఫ్లోరిన్ అంతా ఫ్లోరిన్-19 మాత్రమే.

సగటు పరమాణు భారం

క్లోరిన్-35 సుమారు 75.77 శాతం, క్లోరిన్-37 సుమారు 24.23 శాతం లభిస్తాయి. 35, 37ల మామూలు సగటు 36. కాని రెండూ సమాన పాళ్లలో లేవు. అందుచేత ప్రతి ఐసోటోపు ద్రవ్యరాశిని దాని లభ్యతతో గుణించి కూడాలి:

(34.969 × 0.7577) + (36.966 × 0.2423) = 35.45

35.45 ద్రవ్యరాశి గల క్లోరిన్ పరమాణువు ఎక్కడా ఉండదు. అది సగటు మాత్రమే. కనుక 35.45 నుంచి 17 తీసివేసి న్యూట్రాన్ల సంఖ్య రాయడం తప్పు.

అనువర్తనం

ఒక లీటరు నీటిలో 3.8 మి.గ్రా. ఫ్లోరైడ్, 70.9 మి.గ్రా. క్లోరైడ్ ఉన్నాయనుకుందాం.

ఫ్లోరైడ్: 3.8 ÷ 19 = 0.2 మిల్లీమోల్
క్లోరైడ్: 70.9 ÷ 35.45 = 2.0 మిల్లీమోల్

బరువులో క్లోరైడ్ దాదాపు 19 రెట్లు ఉన్నా, అయాన్ల లెక్కలో 10 రెట్లే. అయినా ఈ నీటిలో ఆందోళన కలిగించేది ఫ్లోరైడే. తాగునీటిలో దాని గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మి.గ్రా. ఈ నీటిని కాచితే ఆవిరయ్యేది నీరే. ఫ్లోరైడ్ పాత్రలోనే మిగిలి, దాని గాఢత పెరుగుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. క్లోరిన్ సగటు పరమాణు భారం 37 కంటే 35కు దగ్గరగా ఎందుకుంది?
2. రాగికి 63, 65 ద్రవ్యరాశి సంఖ్యలున్న రెండు స్థిర ఐసోటోపులున్నాయి. సగటు పరమాణు భారం 63.55 అయితే ప్రకృతిలో ఏది ఎక్కువ?