సగటు విద్యార్థీ గట్టెక్కే పరీక్ష

రష్యా, కిర్గిజిస్తాన్ వంటి దేశాల్లో ఎంబీబీఎస్ చదివి కనకాలపేటకు తిరిగొచ్చిన మీ బిడ్డ ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్ఎంజీఈ పరీక్ష పాసు కావాలి. 2002 నుంచి జరుగుతున్న పరీక్ష ఇది. ‘మావాడు సగటు విద్యార్థి, గట్టెక్కుతాడా?’ అని దిగులు పడకండి. ఇందులో ర్యాంకుల పోటీ లేదు. 300 ప్రశ్నల్లో 150 సరిగా గుర్తిస్తే చాలు. తప్పు జవాబుకు మార్కు కోయరు గనుక ఏ ప్రశ్ననూ వదలకూడదు.

మెడిసిన్‌కు 33, సర్జరీకి 32, ప్రసూతి-స్త్రీ వైద్యానికి 30, కమ్యూనిటీ మెడిసిన్‌కు 30 మార్కులు. ఈ నాలుగే 125. ముందు వీటిపై పట్టు సాధించాలి. తప్పిన ప్రశ్నలను నోటుబుక్కులో రాసుకుని వారానికోసారి తిరగేయాలి.

ఆరోగ్యానికి యూనానీ చెప్పే ఆరు ఆవశ్యకాలలో (అస్బాబె సిత్తా జరూరియా) నిద్ర-మెలకువ ఒకటి, మనసు కదలిక-విశ్రాంతి మరొకటి. చదివింది నిద్రలోనే మెదడులో స్థిరపడుతుందని నేటి సైన్సూ చెబుతోంది. చాయ్ మీద చాయ్ తాగి తెల్లవార్లూ మేలుకోనివ్వకండి. రాత్రి తేలిక భోజనం, ఏడు గంటల నిద్ర ఉండాలి. జ్ఞాపకశక్తి కోసమని మాజూన్‌లు హకీమును అడగకుండా వాడవద్దు.

పరీక్ష ఏటా రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి తప్పితే పక్కింటి బిడ్డతో పోల్చకండి. ఆ మాటే నిద్ర చెడగొడుతుంది.