మోజెల్ లోయ: ద్రాక్షతోటలు కట్టించిన చరిత్ర

(రేడియో ప్రసంగ పాఠం)



యూరప్ చూడాలంటే మనవాళ్ళు షెంగెన్ వీసా కోసం పడే పాట్లు అందరికీ తెలిసినవే. ఆ షెంగెన్ ఒక చిన్న పల్లెటూరి పేరని మాత్రం చాలామందికి తెలియదు. లక్సెంబర్గ్‌లో మోజెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల పక్కన ఉంటుంది. 1985 జూన్ 14న ఐదు దేశాల ప్రతినిధులు అక్కడ నది మీద ఓడలో కూర్చుని సరిహద్దు తనిఖీలు తగ్గించే ఒప్పందం మీద సంతకాలు చేశారు. నదికి అవతలి గట్టు జర్మనీ. అక్కడి నుంచి ఈ నది మెలికలు తిరుగుతూ కోబ్లెంజ్‌లో రైన్ నదిలో కలిసే దాకా ఉన్న లోయే ఇవాళ్టి మన విషయం.

"వైన్ ప్రాంతం అంటున్నారు, అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్ళే చోటేనా?" అని మీరు అడగవచ్చు. నిక్షేపంగా వెళ్ళవచ్చు. గ్లాసు ముట్టుకోకుండా చూడవలసినవే ఇక్కడ ఎక్కువ. ఈ లోయలో ద్రాక్ష మీద వచ్చిన డబ్బు ఎక్కడికి పోయింది, రానప్పుడు ఏమయింది అన్న రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకుని తిరిగితే ఇక్కడి కట్టడాలన్నీ ఒక కథగా కనబడతాయి.

మొదట ట్రియర్. ఇది రోమన్లు కట్టిన నగరం. ఊళ్ళోకి రాగానే పోర్టా నీగ్రా, అంటే నల్ల ద్వారం, ఎదురవుతుంది. క్రీ.శ. 170 ప్రాంతంలో మొదలుపెట్టారు. సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి ఇనుప బద్దీలతో బిగించారు. తరవాతి కాలంలో జనం ఆ ఇనుము కోసం రాళ్ళు తొలిచిన గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. 11వ శతాబ్దంలో సిమియోన్ అనే సన్యాసి ఇందులో ఉండేవాడు. 1035లో ఆయన పోయాక దీన్ని చర్చిగా మార్చారు కాబట్టే ఇది మిగిలింది.

అక్కడి నుంచి రైనిషెస్ లాండెస్‌మ్యూజియంకి వెళ్ళండి. క్రీ.శ. 220 ప్రాంతపు ఒక సమాధి శిల్పం ఉంది. దగ్గర్లోని నాయ్‌మాగెన్‌లో 1878లో దొరికింది. పీపాలు నింపుకున్న పడవ, తెడ్లు వేసే మనుషులు, వాళ్ళలో ఒకడి ముఖాన చిరునవ్వు. ఒక వైన్ వ్యాపారి సమాధికి చెందినదని చెబుతారు. అంటే పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే ఈ నది మీద వైన్ రవాణా సాగింది.

ఇక డబ్బు రానప్పటి సంగతి. అదే ఊళ్ళో బ్రూకెన్ వీధి 10వ నంబరు ఇంట్లో 1818 మే 5న కార్ల్ మార్క్స్ పుట్టాడు. మన ఊళ్ళలో పార్టీ ఆఫీసు గోడల మీద చూసిన ఆ గడ్డం మనిషే. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన సిద్ధాంతం మనకు నచ్చినా నచ్చకపోయినా ఆయనకూ ఈ ద్రాక్షతోటలకూ ఉన్న సంబంధం తెలుసుకోవలసిందే. 1815 తరవాత ఈ ప్రాంతం ప్రష్యా చేతికి వచ్చింది. బయటి వైన్ మీద సుంకాలు ఉన్నన్నాళ్ళూ ఇక్కడి రైతులు అప్పులు చేసి మరీ తోటలు పెంచారు. 1834లో జర్మన్ రాజ్యాల మధ్య సుంకాలు ఎత్తేశారు. దక్షిణాది వైన్ వచ్చి పడింది, ధర కూలింది. ఎందరో రైతులు దివాలా తీశారు. ఆ కాలంలో ఈ చుట్టుపక్కల నుంచి అమెరికాకూ బ్రెజిల్‌కూ వలసపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మిర్చి, పత్తి ధరలు పడిపోయినప్పుడు మన రైతుల గతి చూసినవాళ్ళకు ఇది అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

రైతులు గోరంతను కొండంత చేస్తున్నారని అధికారులు అన్నారు. పాతికేళ్ళు కూడా నిండని మార్క్స్, కొలోన్‌లో తాను నడుపుతున్న పత్రికలో 1843 జనవరిలో దీనికి జవాబు రాశాడు. తమ పాలనలో లోపం ఉండదనుకునే అధికారికి ప్రజల కష్టం కనబడదన్నది ఆయన వాదన. ప్రభుత్వ నిషేధంతో ఆ ఏడాది మార్చి ఆఖరుకు పత్రికే ఆగిపోయింది. తాను ఆర్థిక విషయాల వైపు మళ్ళడానికి మోజెల్ రైతుల సమస్య ఒక కారణమని 1859లో ఆయనే రాసుకున్నాడు.

ఇప్పుడు నది వెంట కిందికి, బెర్న్‌కాస్టెల్-కూస్‌కి వెళదాం. అందరూ బెర్న్‌కాస్టెల్ వైపు చెక్క దూలాల ఇళ్ళ ముందు ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం వంతెన దాటి కూస్ వైపు రండి. 1401లో ఇక్కడ ఒక పడవల వ్యాపారికి పుట్టిన నికోలస్ పెద్ద చదువులు చదివి కార్డినల్ అయ్యాడు. భూమి విశ్వానికి కేంద్రం కాదని కోపర్నికస్ కన్నా సుమారు వందేళ్ళ ముందే రాసిన మేధావి. జీవితంలో ఎక్కువ భాగం ఊరికి దూరంగానే గడిచింది. అయినా 1458లో తోబుట్టువులతో కలిసి, ఊరి వాకిట్లోనే వృద్ధుల కోసం ఆశ్రమం ఏర్పాటు చేశాడు. యాభై దాటిన 33 మందికి చోటు. వాళ్ళలో ఎక్కువమంది సామాన్యులే. ఖర్చులకు ద్రాక్షతోటలతో సహా ఆస్తి రాసిచ్చాడు. ఆయన 1464లో ఇటలీలో పోయాడు. దేహం రోమ్‌లో ఉంది, గుండెను మాత్రం ఈ ప్రార్థనామందిరంలో ఉంచారు. ఐదున్నర శతాబ్దాలు దాటాక ఇవాళ కూడా అది వృద్ధుల నివాసమే. ఆయన చేతిరాత ప్రతులు, పుస్తకాలు ఉన్న గ్రంథాలయం కూడా అక్కడే ఉంది.

ఊళ్ళో అమ్మానాన్నలను ఉంచి వేల మైళ్ళ దూరంలో ఉన్న మనకు ఈ చోటు ఒక మాట చెబుతుంది. నికోలస్ ఊరికి తిరిగిరాలేదు. అలాగని పండక్కి కొంత డబ్బు పంపి ఊరుకోనూ లేదు. తాను లేకపోయినా నడిచే ఏర్పాటు చేశాడు. రాబడి ఎక్కడి నుంచి రావాలి, ఎవరిని చేర్చుకోవాలి, అన్నీ కాగితం మీద పెట్టాడు. మన సంఘాల్లో ఊరికి ఏదైనా చేద్దామనే మాట వచ్చినప్పుడల్లా తలుచుకోవలసిన పద్ధతి ఇది.

తోటలు కూడా చూడదగ్గవే. బ్రెమ్ ఊరి దగ్గర కాల్‌మాంట్ కొండవాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల దాకా ఉంటుంది. ట్రాక్టరు ఎక్కదు. చాలా పని చేత్తోనే చేయాలి. నేలంతా మన చిన్నప్పటి పలకల్లాంటి రాయి. పగటి ఎండను దాచుకుని రాత్రి వేడినిస్తుంది. చలి దేశంలో ద్రాక్ష పండే రహస్యాల్లో అదొకటి. ఇంత చాకిరీకి తరవాతి తరం ముందుకు రాక బీడుపడ్డ తోటలు కూడా మీకు అక్కడక్కడా కనిపిస్తాయి.

పిల్లల కోసం ఎల్ట్స్ కోట ఉంది. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉంది, యుద్ధాల్లో కూలని కోట. చలికాలంలో మూసేస్తారు, చూసుకుని బయలుదేరండి. కోబ్లెంజ్, ట్రియర్ మధ్య రైలు ఉంది. బెర్న్‌కాస్టెల్‌కి రైలు లేదు, విట్‌లిష్ నుంచి బస్సు పట్టుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరు కోత కాలం. వైన్ వద్దనుకుంటే ద్రాక్షరసం, అంటే ట్రాబెన్‌జాఫ్ట్ అడగండి. పిల్లలకూ పెద్దలకూ పనికొస్తుంది.

ట్రియర్‌కి ఒక రోజు, కూస్‌కి ఒక రోజు, కోటకు ఒక రోజు, మొత్తం మూడు రోజులు చాలు. పెద్దవాళ్ళు మీతో ఉంటే కూస్‌లో ఆ పాత ముంగిట్లో వాళ్ళను కాసేపు కూర్చోబెట్టి నికోలస్ సంగతి చెప్పండి. వాళ్ళేమంటారో వినండి.