గజం ధర, పచ్చని నగరం

కొత్త నగరం ప్లానులో ముందు కంటికి ఆనేది ఆకుపచ్చ రంగు. అమరావతి నడిబొడ్డున రావలసిన పాలనా నగరానికి లండన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ గీసిన నమూనాలో సగానికి పైగా స్థలం చెట్లకూ నీళ్లకూ పోయింది. బాగానే ఉంది. కానీ ఒక ఊరు ప్రకృతికి భారమా కాదా అన్నది పార్కుల శాతంతో తేలదు. అంతకుముందు ఆ నేలలో ఏం పండేది, వాన పడితే నీరు ఎటు పోతుంది, ఆ ఊరిని కట్టేవాళ్లూ ఊడ్చేవాళ్లూ రాత్రికి ఎక్కడికి చేరతారు అని అడగాలి. చివరి ప్రశ్నను గృహనిర్మాణ శాఖ ఖాతాలో వేసి పక్కన పెట్టేయడం మనకు అలవాటు. నిజానికి ఈ మూడింటిలో పెద్ద పర్యావరణ ప్రశ్న అదే.

మొదటి రెండింటి సంగతి చాలామందికి తెలిసిందే. కృష్ణ ఒడ్డున ఉన్నవి జరీబు భూములు. కొద్ది లోతులోనే నీరు తగిలే ఆ నేలలో అరటి, కూరగాయలు, పూలు ఏడాది పొడవునా పండేవి. విజయవాడ, గుంటూరుల మధ్య రాజధానిని కుప్పపోస్తే సాగుభూమికి ముప్పని రాజధాని స్థలాన్ని పరిశీలించిన శివరామకృష్ణన్ కమిటీ 2014లోనే హెచ్చరించింది. ఇక ఆ ప్రాంతపు వాన నీటిని మోసే కొండవీటి వాగు. నదిలో నీటిమట్టం పెరిగినప్పుడు వాగు నీరు దానంతటది అందులో కలవదు కనుక, ఉండవల్లి దగ్గర మోటార్లతో ఎత్తిపోయాలి. అంటే ఈ నగరం వానాకాలంలో పొడిగా ఉండాలన్నా కరెంటు కావాలి. 2017 నవంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ షరతులు పెట్టి అనుమతించాక పనులు సాగాయి, 2019లో ఆగాయి. సచివాలయ టవర్ల పునాదులు ఏళ్ల తరబడి నీళ్లలో నానాయి. వాటిలో పోసిన సిమెంటు, ఇనుము తయారీలో వెలువడిన పొగ మాత్రం అప్పటికే గాలిలో కలిసిపోయింది.

అసలు చిక్కు గజాల లెక్కలో ఉంది. ఎకరం అంటే 4,840 గజాలు. భూసమీకరణలో జరీబు ఎకరం ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ల పాటు కౌలు ఇస్తామన్నారు. 33 వేల ఎకరాలకు పైగా అలా పోగయ్యాయి. మిగిలిన గజాల్లో రోడ్లు, పార్కులు పోగా ప్రభుత్వానికి దక్కేదాన్ని అమ్మి నగరాన్ని కట్టాలి. ఇప్పుడు గజం ధర పెరగాలని ఎవరు కోరుకుంటారు? ప్లాటే పరిహారంగా తీసుకున్న రైతు కోరుకుంటాడు, అందులో తప్పేమీ లేదు. అమ్మకానికి కూర్చున్న ప్రభుత్వమూ అదే కోరుకుంటుంది. ధర తగ్గితే బాగుండుననే వాడు ప్లాటు లేనివాడొక్కడే. వాడి కోసం చట్టంలో సమీకరించిన భూమిలో 5 శాతం పేదల ఇళ్లకని రాశారు. 2023లో అప్పటి ప్రభుత్వం దాదాపు 50 వేల మందికి సెంటు చొప్పున, అంటే 48 గజాలేసి, పట్టాలిచ్చింది. మాస్టర్ ప్లాన్ మార్చి మాకిచ్చిన మాట తప్పారని రైతులు కోర్టుకెక్కారు, ఆగస్టులో హైకోర్టు ఆ ఇళ్ల నిర్మాణంపై స్టే ఇచ్చింది. ఇందులో రాజకీయం పాలు ఎంతో పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. రైతుల ఫిర్యాదులో న్యాయం ఉంది. పేదలందరినీ ఒకే లేఅవుట్లో సెంటు స్థలాల్లో ఇరికించడం మంచి పట్టణ ప్రణాళికా కాదు. అయినా గొడవ సద్దుమణిగాక కూడా ఇల్లు లేనివాడు లేనట్టే మిగిలాడు.

ఈ నగరానికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చింది సింగపూర్ సంస్థ సుర్బానా జురాంగ్. సింగపూర్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ప్రభుత్వ గృహమండలి కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. భూమిలో అత్యధికం ప్రభుత్వానిది, ఫ్లాటు కొన్నవారికి దక్కేది 99 ఏళ్ల లీజు. అక్కడి పచ్చదనాన్నీ రోడ్లనూ ముచ్చటపడి తెచ్చుకున్నాం కానీ, వాటి వెనక ఉన్న భూమి పద్ధతిని అక్కడే వదిలేశాం.

రాజధాని రాకపోయినా విజయవాడ, గుంటూరుల మధ్య పొలాలు మిగిలేవా, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు లేఅవుట్లు వేసి మింగేసేవారు కదా, ఒక పద్ధతిగా కట్టడమే నయం కదా అని కొందరంటారు. ఇది గట్టి అభ్యంతరమే. అయితే పద్ధతిగా కట్టిన నగరంలో మేస్త్రీకి, ఆయాకి, డ్రైవరుకి అద్దె అందకపోతే వాళ్లు మంగళగిరి, తాడికొండ వైపు చౌక ఇళ్లు వెతుక్కుంటారు. అక్కడ ఆ లేఅవుట్లే లేస్తాయి. అప్పుడు నగరం కిందా పొలం పోతుంది, నగరం బయటా పోతుంది, పైగా రోజూ రానూపోనూ డీజిలు. ముందు నగరం నిలబడనివ్వండి, పేదల ఇళ్లు తర్వాత చూద్దాం అనేవాళ్లూ ఉన్నారు. తర్వాతంటే, తాను పెంచిన ధరకే ప్రభుత్వం భూమి కొనాలి. 2050 నాటికి 35 లక్షల జనాభా అంచనా వేసుకున్న చోట అది అయ్యే పని కాదు. ప్రభుత్వం చేతిలో ఇంకా అమ్మని భూమి ఉంది. బస్సులు తిరిగే రోడ్ల పక్కన అందులో కొంత వేలానికి పెట్టకుండా అట్టేపెట్టుకుని, అన్ని పేటల్లోనూ అద్దె ఇళ్లు కట్టవచ్చు. ఖజానాకు ఆ మేరకు రాబడి తగ్గుతుంది, టవర్లలో కొన్ని అంతస్తులు తగ్గించుకోవాల్సి రావచ్చు.