రెక్కకు బరువు కట్టిన కోడి

గతమాసమున సంఘసమావేశము ముగిసినపిదప ఒక సభ్యుడు నన్నిట్లు ప్రశ్నించెను: "అయ్యా, కోడిరెక్కకు బరువు కట్టినచో మాంసము పెరుగునట! మేమును కట్టవచ్చునా?" ఆయన విన్నమాట నిజమే, తీసిన యర్థము మాత్రము సరికాదు. కావున విషయమును విశదపరచుచున్నాను.

కోడివీపునందు వెన్నెముకనుండి రెక్క పైయెముకవరకు పలుచని పట్టెవంటి కండ యొకటి కలదు. రెక్కను ఒడలికి అంటియుండునట్లు పట్టియుంచుట దాని పని. రెక్కకు బరువు కట్టినచో అది జారి, ఆ కండ రేయింబవళ్లు సాగియుండును. సోలా మొదలగు శాస్త్రజ్ఞులు 1973లో కోళ్లయందు ఈ కండ ఎట్లు పెరుగునో ప్రకటించిరి. ఇట్టి పరీక్షలలో బరువు సాధారణముగా ఒక్క రెక్కకే కట్టుదురు. రెండవది పోలికకై యుండును. ఒక మడికి ఎరువు వేసి ప్రక్కమడికి వేయక చూచుట వంటిదే యిది.

1993లో అంటోనియో, గొన్యా యను వారు కౌజుపిట్టల రెక్కలకు మొదట ఒడలి తూకములో పదియవవంతు బరువు కట్టి, నడుమ విశ్రాంతి నిచ్చుచు, క్రమముగా మూడవవంతునకు పైగా పెంచిరి. 28 దినములలో కండ తూకము నాలుగింతలు దాటెను. మొదట కండపోగులు లావెక్కెను. పిమ్మట వాని సంఖ్యయు పెరిగెను.

ఇదెట్లు జరుగును? కండలోని మాంసకృత్తులు రాతికట్టడమువలె స్థిరములు కావు. పూరింటికప్పువలె పాతది తీయబడుచు, క్రొత్తది కప్పబడుచుండును. కండ సాగియున్నపుడు క్రొత్తవాని నిర్మాణము హెచ్చును. వింత యేమన, పాతవాని విచ్ఛిత్తియు హెచ్చును! 1978లో లారెంట్, స్పారో, మిల్వర్డ్ అనువారు దీనిని కొలిచి చూపిరి. రాబడి ఖర్చును మించినపుడే నిలువ పెరుగునట్లు, నిర్మాణము విచ్ఛిత్తిని మించుటచేతనే కండ పెరుగును. పోగుల కొనలయందు క్రొత్తభాగములు చేరి, పోగు పొడవగును. కండను ముడుచుకొనజేయు మయోసిన్ అను మాంసకృత్తులో సైతము ఒక రకము తగ్గి, మరియొక రకము హెచ్చునని 1986లో వెల్లడియైనది. అనగా కండ పెరుగుటయే కాక, క్రొత్తపనికి తగినట్లు తన్ను తాను మార్చుకొనును.

ఇక ప్రశ్నకు సమాధానము. బరువు కట్టకుడు. పెరుగునది ఆ చిన్నపట్టె. కోడికి తూకమిచ్చు రొమ్ముకండ కాదు. పక్షికి బాధ, మనకు నష్టము. మరియు ఏ కండయైనను మేతనుండి వచ్చు సరకుతోనే కట్టబడవలయును గాని, బరువునుండి మాంసము పుట్టదు. ఆ త్రాటికయ్యెడి కాసులతో బూజుపట్టని తెలికపిండి కొని, తవుడుతో కలిపి పెట్టుడు. కోడెదూడను కాడికి అలవాటుచేయునపుడు మొదటిదినముననే నిండుబరువు మోపక, కొంచెము కొంచెముగా పెంచుచు, నడుమ విశ్రాంతి నిచ్చి, కడుపునిండ మేపు మన పెద్దల పద్ధతి యెంత వివేకవంతమైనదో యీ పరీక్షలు తలపించుచున్నవి.